షిట్జు బొచ్చు మారే వయసు: రోజూ దువ్వుతున్నా చంకల్లో జడలు కడుతున్నాయి

రవ్వలడ్డు_గుంటూరు

అందరికీ నమస్కారం. మాది మగ షిట్జు కుక్క, పది నెలలు నిండాయి, 5.8 కిలోలు. ఇంతవరకు ఒంటి మీద కత్తెర పెట్టలేదు, నడుము దగ్గర బొచ్చు 11 సెంటీమీటర్లు ఉంది. రెండు వారాలుగా బ్రష్ పైపైన సాఫీగానే పోతోంది గానీ చంకల్లో, చెవుల వెనకాల, మెడపట్టీ కింద వేళ్లు పెడితే ఉండలు తగులుతున్నాయి. రాత్రి విప్పితే తెల్లారేసరికి మళ్లీ తయారు. మా దగ్గర ఉన్నవి కొనలకు చిన్న గుండ్లున్న పిన్ను బ్రష్, మనం తల దువ్వుకునే ప్లాస్టిక్ దువ్వెన. స్నానం వారానికోసారి, బోరు నీళ్లు. షాంపూ పడలేదా, తిండిలో లోపమా, చర్మం జబ్బా? పొడుగు బొచ్చుతోనే పెంచాలని ఉంది. పద్ధతి చెప్పండి.

పాపిడి_దువ్వెన (గ్రూమింగ్, హైదరాబాద్)

రవ్వలడ్డు గారూ, ఇది వయసు పని. షిట్జుకి పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చేది సుమారు 8 నుంచి 12 నెలల మధ్య. కొన్నింటికి మూడు వారాల్లో అయిపోతుంది, కొన్నింటికి మూడు నెలలు పడుతుంది.

జడ ఎందుకు కడుతుందంటే, లాబ్రడార్ వెంట్రుక రాలిస్తే నేల మీద పడుతుంది, చీపురుతో ఊడ్చేస్తాం. షిట్జు వెంట్రుక పొడుగు కాబట్టి రాలినా కిందికి రాదు, పక్క వెంట్రుకల్లో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఇప్పుడు పాత పిల్లబొచ్చు ఊడుతోంది, అదే సమయంలో అడుగున మెత్తటి నూగు కొత్తగా వస్తోంది. రెండూ దూదిలాంటివే. కాలు కదిలి రాపిడి పడే చోట అవి ఏకులాగా పెనవేసుకుంటాయి. అందుకే మొదట చంకలు, చెవుల వెనక, పట్టీ కింద, గజ్జలు, తోక మొదలు.

పగటి వెలుతురులో వీపు మీద పాపిడి తీసి చూడండి. చర్మం దగ్గర కొత్తగా మొలిచిన పొట్టి వెంట్రుకలు కాస్త లావుగా నిగనిగలాడుతుంటే, వాటి మధ్య పాతవి మసకగా దూదిలా ఉంటే బొచ్చు మారుతున్నట్టే. రంగు కూడా కొంత తేలిపోతుంది, బంగారు రంగువి మీగడ రంగుకు దిగడం మామూలే.

మీ దగ్గర అసలు తప్పు పనిముట్లలో ఉంది. గుండ్లున్న బ్రష్ చర్మందాకా దిగదు. పై మూడొంతులు దువ్వి అడుగు వదిలేస్తుంది. పైకి పట్టులా కనిపిస్తూ అడుగున అట్ట కట్టే కుక్కలన్నీ ఈ బ్రష్‌తో దువ్వినవే. పైగా చిక్కులో ఆ గుండు ఇరుక్కుని వెంట్రుకను తెంపుతుంది.

కొనాల్సినవి మూడే. ఒకటి, గుండ్లు లేని పొడుగు పిన్నుల బ్రష్. రెండు, మెత్తటి స్లిక్కర్, అంటే కొనలు వంగిన సన్నటి తీగ పిన్నుల బ్రష్, పిన్నులు ఎంత పొడుగుంటే అంత మంచిది. మూడు, ఏడున్నర అంగుళాల స్టీలు దువ్వెన, సగం పళ్లు ఎడంగా, సగం దగ్గరగా ఉన్నది. డబ్బులు ఒక్కదానికే ఉంటే స్టీలు దువ్వెన కొనండి. బ్రష్ పని చేస్తుంది, పని అయిందో లేదో చెప్పేది దువ్వెనే.

చిన్ని_రాజమండ్రి

మా పక్కవాళ్లు స్నానానికి ముందు రాత్రి కొబ్బరినూనె పట్టించమంటున్నారు. చిక్కు సులువుగా వస్తుందట. మంచిదేనా?

పాపిడి_దువ్వెన

ఒంటినిండా పట్టించవద్దండి. నూనె బొచ్చు మీద వీధి దుమ్ము పేరుకుంటుంది, నూనె, దుమ్ము కలిసిన జడ మామూలు జడకన్నా గట్టిది. నాకితే విరేచనాలు కూడా. ప్రదర్శన కుక్కలకు నూనె పెట్టి కాగితాల్లో చుట్టే పద్ధతి ఉంది గానీ, అది వారంవారం నూనె పూర్తిగా కడిగేసేవాళ్ల పద్ధతి.

జడ జారడానికి ఇంట్లోనే అంతకన్నా మంచి వస్తువుంది: వంటలో వాడే తెల్ల కార్న్‌ఫ్లోర్. రెండు వేళ్లతో చిటికెడు తీసి జడలోకి రుద్దితే వెంట్రుకలు పొడిగా ఒకదాని మీద ఒకటి జారతాయి.

విశాఖ_గాలి (పొడుగు బొచ్చు పెంపకం)

దువ్వే పద్ధతి నేను రాస్తాను. చాలామంది దగ్గర దెబ్బతినేది ఇక్కడే.

సమయం 20 నుంచి 30 నిమిషాలు. ఒక్క ఊపులో కుదరకపోతే రోజుకో పక్క చేయండి, కానీ చేసిన పక్క పూర్తిగా చేయండి. ఎత్తయిన బల్ల మీద, జారకుండా కింద రబ్బరు మ్యాట్ వేసి, ఎడమ పక్కకు పడుకోబెట్టండి. పడుకోవడం అలవాటు లేకపోతే ముందు నాలుగు రోజులు దువ్వెన లేకుండా పడుకోబెట్టి తిండి పెట్టడమే చేయండి.

పొడిబొచ్చు ఎప్పుడూ దువ్వకూడదు, వెంట్రుక కొన విరుగుతుంది. స్ప్రే సీసాలో అర లీటరు నీళ్లకు కుక్కల కండిషనర్ ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, కలిపి బాగా కుదపండి. చల్లేది పన్నీరు చల్లినట్టు ఉండాలి, తడిసి ముద్దవకూడదు.

పొట్ట వైపు నుంచి మొదలుపెట్టి వెన్ను వైపు ఎక్కాలి. ఎడమ అరచేత్తో బొచ్చంతా పైకి ఎత్తిపట్టి, అడుగున ఒక సెంటీమీటరు మందం వరస మాత్రం కిందికి వదలండి. చర్మం గీతలా కనిపించాలి. ఆ గీత కనపడలేదంటే మీరు పట్టిన వరస మందం ఎక్కువ. ఆ వరస మీద ఒక్కసారి చల్లి, పిన్ను బ్రష్‌తో చర్మం నుంచి కొనదాకా దువ్వి, చివర మణికట్టు పైకి తిప్పకుండా సూటిగా లాగేయండి. తిప్పితే కొనలు విరుగుతాయి. ఆ తర్వాత స్టీలు దువ్వెన ఎడం పళ్ల వైపు చర్మానికి ఆనించి లాగండి. ఆగకుండా పోతే దగ్గర పళ్ల వైపు. అదీ పోతే పై వరస వదలండి. ఇలా వెన్నుదాకా పదిహేను ఇరవై వరసలు వస్తాయి.

దువ్వెన ఆగిన చోట బలం పెట్టకండి. ఆ చోట బొచ్చును చర్మానికి ఆనుకుని ఎడమ చేతి బొటనవేలు చూపుడువేలు మధ్య గట్టిగా పట్టండి. అప్పుడు లాగుడు మీ వేళ్ల మీద పడుతుంది, కుక్క చర్మం మీద పడదు. చాలా కుక్కలు దువ్వెన చూస్తే పారిపోయేది ఈ ఒక్క పని ఎవరూ చేయకపోవడం వల్లే.

పక్కలు రెండూ అయ్యాక మర్చిపోయేవి: ముందుకాలు చంక (కాలు పక్కకు కాదు, ముందుకు సాపితే కీలు నొప్పెట్టదు), వెనకకాళ్ల లోపలి వైపు, తోక మొదలు అడుగుభాగం, చెవి తమ్మె అంచు, గడ్డం కింద తడి ఆరని చోటు.

రవ్వలడ్డు_గుంటూరు

గాలి గారూ, ధన్యవాదాలు. చర్మం గీత కనిపించేలా ఎప్పుడూ దువ్వలేదు, అదే తప్పు. ఇప్పటికే చంకల్లో ఉన్న ఉండలు ఉసిరికాయంత ఉన్నాయి, ఒక్కో పక్క రెండు. వాటిని స్నానం చేయించి మెత్తబడ్డాక విప్పాలా?

పాపిడి_దువ్వెన

వద్దు, ముందు విప్పి తర్వాత నీళ్లు. జడ తడిసి ఆరితే ఉన్ని ఉడికించినట్టు బిగుసుకుంటుంది. నిన్న ఉసిరికాయంత ఉన్నది రేపు కందిపప్పంత గట్టిగా అయి చర్మానికి అంటుకుంటుంది.

విప్పే వరస: కార్న్‌ఫ్లోర్ రుద్దండి. చర్మం వైపు వేళ్లతో పట్టి ఉంచండి. దువ్వెనతో మొదలుపెట్టకండి, వేళ్లతోనే ఉండను అడ్డంగా రెండుగా, ఆ రెండూ నాలుగుగా చీల్చండి. పత్తి గింజ నుంచి దూది లాగినట్టు, కొంచెం కొంచెంగా. ఇప్పుడు దువ్వెన చివరి ఒక్క పన్నును జడ బయటి కొనలో గుచ్చి బయటికి లాగండి. బయటి కొన నుంచి లోపలికి వెళ్లాలి తప్ప, చర్మం దగ్గర నుంచి మొదలుపెట్టి లాగితే జడంతా ఒక్కటిగా బిగుస్తుంది. చీల్చిన ముక్కలు వదులయ్యాక స్లిక్కర్‌తో చిన్నగా తడుతూ దువ్వండి. ఒకే చోట పది పన్నెండు సార్లు మించవద్దు, స్లిక్కర్ పిన్నులు చర్మాన్ని గీరి ఎర్రటి మచ్చ వదులుతాయి. అది మర్నాటికి కుక్క నాకి నాకి పుండవుతుంది.

ఒక జడకు పది నిమిషాలు హద్దు. లొంగకపోతే తీసేయడమే దానికి సుఖం. చంకలో బొచ్చు పోయినా బయటికి కనిపించదు, పొడుగు బొచ్చుకు నష్టం లేదు. నిజానికి ప్రదర్శన కుక్కలు కాని వాటికి చంకలు ముందే మిషన్‌తో తీసేయమంటాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జడ కింద కత్తెర దూర్చి కత్తిరించకండి. జడ చర్మాన్ని గుడారంలా పైకి లాగి ఉంటుంది, చంకలో చర్మం కాగితమంత పలచన. కత్తెరకు వెంట్రుకా చర్మమూ ఒకటే. కుట్లు పడేది ఇలాగే. 10 నంబరు బ్లేడు పెట్టిన మిషన్‌తో, చర్మాన్ని వేళ్లతో సాగదీసి పట్టుకుని, బ్లేడు చర్మానికి సమాంతరంగా ఉంచి జడ కిందుగా మెల్లగా తోయాలి. మిషన్ లేదు, కత్తెర తప్పదు అనుకుంటే, ముందు స్టీలు దువ్వెనను జడకూ చర్మానికీ మధ్య దూర్చి, దువ్వెన పైన మాత్రమే కత్తిరించండి. దువ్వెన దూరలేదంటే అది ఇంట్లో చేసే పని కాదు.

విశాఖ_గాలి

స్నానం గురించి ఒక చిన్న తేడా ఉంది పాపిడి గారూ. గట్టి ఉండలకు మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఒంటినిండా పలచటి సాలెగూడులాంటి చిక్కు ఉన్నప్పుడు, షాంపూ తర్వాత కండిషనర్ పట్టించి ఐదు నిమిషాలు ఉంచి, వేగంగా గాలి కొట్టే డ్రయ్యర్‌తో ఊదితే ఆ గాలికే వెంట్రుకలు విడిపోతాయి. చేత్తో దువ్వినదానికన్నా తక్కువ తెగుతాయి.

పాపిడి_దువ్వెన

ఒప్పుకుంటాను, ఆ డ్రయ్యర్ ఉంటే. ఇంట్లో మనుషుల హెయిర్ డ్రయ్యర్‌తో ఆ పని కాదు, వేడి తప్ప వేగం ఉండదు. డ్రయ్యర్ లేనివాళ్లు ముందు విప్పి తర్వాతే తడపండి.

ఓరుగల్లు_పశువైద్యం (పశువైద్యులు)

బొచ్చు మార్పు అనుకుని జబ్బును వదిలేసేవాళ్లు ఉంటారు కాబట్టి తేడా రాస్తున్నాను. బొచ్చు మారేటప్పుడు దువ్వెనకు వెంట్రుకలు బాగా వస్తాయి గానీ చర్మం బయటపడదు. గుండ్రంగా బట్టతల మచ్చలు, మచ్చ అంచున పొలుసులు, ఎర్రదనం, రాత్రీ పగలూ గోక్కోవడం, నూనె కంపు, కాలివేళ్ల మధ్య గోధుమరంగు జిగురు, వీటిలో ఏదున్నా చూపించాలి. గుండ్రటి మచ్చలు తామర అయితే ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది, ఆ కుక్కకు వాడిన దువ్వెన ఇంకో కుక్కకు వాడకూడదు.

రెండోది గోమార్లు. పొడుగు బొచ్చులో వారం రోజులు కనపడకుండా దాక్కుంటాయి. మన ప్రాంతంలో వాటి కాటువల్ల వచ్చే ఎర్లిచియా, బబేసియా జ్వరాలు మామూలు. దువ్వే రోజు చెవి లోపలి మడత, కాలివేళ్ల సందులు, పట్టీ కింద, తోక కింద వేళ్లతో తడమండి, కళ్లతో చూస్తే చాలదు. ఈర్పెన పళ్లంత దగ్గరగా ఉన్న దువ్వెనతో చెవుల చుట్టూ ఒకసారి. మెడ వెనక పోసే మందు వాడితే బొచ్చు విడదీసి చర్మం మీదే పోయాలి. బొచ్చు మీద పోస్తే అది అక్కడే ఎండిపోతుంది. పోయడానికి రెండు రోజుల ముందు, రెండు రోజుల తర్వాత స్నానం వద్దు. తరచూ స్నానం చేయించే పొడుగు బొచ్చు కుక్కలకు నోటిద్వారా ఇచ్చే మాత్రలు అనుకూలం, మోతాదు బరువును బట్టి డాక్టరే రాయాలి. గేదెల గోమార్లకు తెచ్చిన మందు నీళ్లలో కలిపి కుక్క మీద పోయకండి, ఒళ్లంతా నాకుతుంది, విషమవుతుంది.

ఉత్తరేణి_నంద్యాల

వానలు పడ్డాక పొలం గట్టున తిప్పితే ఉత్తరేణి గింజలు, పల్లేరు కాయలు పట్టుకుంటాయి. వీటి సంగతి ఎవరూ చెప్పలేదు.

ఓరుగల్లు_పశువైద్యం

మంచి గుర్తు చేశారు. ఉత్తరేణి గింజ కొనలు ముళ్లలా ఉండి వెంట్రుకకు ఒకవైపే ఎక్కుతాయి, వెనక్కి రావు. ఒక్కో గింజ చుట్టూ రెండు రోజుల్లో జడ కడుతుంది. ఇంటికి రాగానే, నీళ్లు తగలకముందే తీయండి. పల్లేరు కాయ అరికాలి మెత్తల మధ్య దిగితే కుంటుతుంది. సన్నటి గడ్డి ముళ్లు చర్మంలోకి దిగి ముందుకే ప్రయాణిస్తాయి, చెవిలోకి పోతే కుక్క ఒక్కసారిగా తల విదిలిస్తుంది. అప్పుడు దూది పుల్ల పెట్టవద్దు, లోపలికి తోస్తారు. తీసుకురండి.

పాపిడి_దువ్వెన

అందుకే అరికాళ్ల బొచ్చు. మెత్తల మధ్య పెరిగేది మెత్తలకు సమానంగా చిన్న ట్రిమ్మర్‌తో 15, 20 రోజులకోసారి తీయాలి. లోతుగా తవ్వవద్దు, మెత్తల సందులో చర్మం తెగుతుంది. ఇది తీయకపోతే గ్రానైటు, టైల్స్ నేల మీద కాళ్లు జారుతాయి. పెరిగే వయసులో మోకాలి చిప్పకూ తుంటికీ మంచిది కాదు. గోళ్లు మూడు నాలుగు వారాలకోసారి. కాలి లోపలి వైపు పైకి ఉండే బొటనగోరు బొచ్చులో కనపడదు, నేలకు తగిలి అరగదు, గుండ్రంగా తిరిగి చర్మంలో దిగుతుంది. చేత్తో తడిమి చూసుకోండి.

కూకట్‌పల్లి_పామ్

మధ్యలో అడుగుతున్నాను, క్షమించాలి. మాది పామరేనియన్, ఆరు నెలలు. మొహం మీద బొచ్చు పోయి కోతిపిల్లలా అయింది. ఎండలకు గుండు కొట్టించెయ్యమన్నారు. షిట్జులాగే కదా?

పాపిడి_దువ్వెన

కాదండి, ఆపండి. పామ్‌కి 4 నుంచి 8 నెలల మధ్య ఈ అవతారం సహజం, దానంతటది నిండుతుంది. షిట్జు వెంట్రుక ఎప్పుడూ పెరుగుతూ ఉండేది, కత్తిరిస్తే మళ్లీ పెరుగుతుంది. పామ్, ఇండియన్ స్పిట్జ్‌లకు మందమైన లోనూగు, పైన నిలువు బొచ్చు. వాటికి మిషన్ పెట్టి దగ్గరగా తీస్తే కొన్నింటికి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా, సరిగా రాదు. వచ్చినా దూదిలా వస్తుంది. దువ్వి ఊడేది ఊడదీయడం, అరికాళ్లు, మలద్వారం చుట్టూ శుభ్రం చేయడం, అంతవరకే. విడిగా చర్చ పెట్టండి, వివరంగా రాస్తాం.

చిన్ని_రాజమండ్రి

బోరు నీళ్ల మాట ఎవరూ ముట్టలేదు. స్నానం పద్ధతి కూడా చెప్పండి. కుంకుడుకాయ వాడొచ్చా?

విశాఖ_గాలి

కుంకుడు రసం కంట్లో పడితే మనమే తట్టుకోలేం. షిట్జు కళ్లు బయటికి ఉబ్బి ఉంటాయి, కంటి పొరకు పుండు పడుతుంది. నూనెదనం పూర్తిగా లాగేసి బొచ్చు గరుకవుతుంది కూడా. మన షాంపూ కూడా వద్దు, కుక్క చర్మం మన చర్మమంత ఆమ్లంగా ఉండదు.

బొచ్చు మారే రోజుల్లో 10 రోజులకోసారి స్నానం మంచిదే, మురికి బొచ్చే త్వరగా జడ కడుతుంది. ముందు దువ్వెన ఒళ్లంతా ఆగకుండా పోవాలి. చెవుల్లో దూది. గోరువెచ్చని నీళ్లతో చర్మందాకా తడపండి, దానికే మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. షాంపూ సీసా మీద రాసిన కొలతలో మగ్గు నీళ్లలో కలిపే పోయండి. బట్టలు ఉతికినట్టు గుండ్రంగా రుద్దకూడదు, అలా రుద్దితే జడలు మనమే కట్టినట్టు. పైనుంచి కిందికి, వెంట్రుకలు పడుకున్న దిక్కులో పిండండి. కండిషనర్ తర్వాత, వేళ్ల మధ్య జిగురు పోయేదాకా కడగాలి. మిగిలిన షాంపూ వల్లే దురద.

బోరు నీళ్లలో ఉప్పు బొచ్చు మీద పొరగా ఉండిపోయి గరుకు చేస్తుంది. ఆఖరి రెండు మగ్గులు మున్సిపల్ నీళ్లో, తాగే ఆర్ఓ నీళ్లో పోయండి.

తుడవడం అంటే తువ్వాలుతో అద్ది నొక్కడమే. ఆరబెట్టడం తక్కువ వేడిలో, దువ్వుతూ. దానంతటది ఆరితే వంకర్లు తిరిగి జడ కడుతుంది. విశాఖ, కాకినాడలాంటి తేమ ఊళ్లలో చర్మం దగ్గర తడి గంటల తరబడి ఉండి ఫంగస్ పడుతుంది. డ్రయ్యర్ అడుగు దూరంలో, గాలి తగిలే చోట మీ చెయ్యి కూడా ఉండాలి, మీకు వేడైతే దానికీ వేడే. పొట్టి ముక్కు కుక్క, ఊపిరి ఎగపోస్తున్నా, నాలుక ముదురు ఎరుపు తిరిగినా ఆపి ఫ్యాను కింద కూర్చోబెట్టి నీళ్లు ఇవ్వండి. గదిలో పెట్టి డ్రయ్యర్ ఆన్ చేసి వెళ్లిపోవడం ఎప్పుడూ చేయకూడదు.

డాలస్_తెలుగు

ఇక్కడ చలికాలం హీటర్ గాలికి బొచ్చు కరెంటు పట్టినట్టు లేచి అంటుకుంటుంది, స్వెటర్ వేస్తే రెండు రోజుల్లో భుజాల మీద అట్ట. చలికాలంలో కుక్కకు బట్ట వేసేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. లోపల సాటిన్ అస్తరు ఉన్నది వేసి, ఇంట్లోకి రాగానే తీసేయాలి. హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) కూడా అంతే, తిరిగి రాగానే విప్పండి. రోజంతా ఉంటే రొమ్ము దగ్గరా చంకల్లోనూ దాని ఆకారంలోనే జడ కడుతుంది.

రవ్వలడ్డు_గుంటూరు

మావాడికి హార్నెస్ రోజంతా ఉంటుంది! ఈరోజే తీసేశాను. తిండి: పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పెరుగన్నం, వారానికి రెండుసార్లు గుడ్డు. సరిపోతుందా?

ఓరుగల్లు_పశువైద్యం

సరిపోదండి. వెంట్రుక అంటే దాదాపు అంతా మాంసకృత్తులే. పెరుగన్నంలో పొట్ట నిండుతుంది గానీ బొచ్చుకు కావాల్సింది చాలదు. కొత్త బొచ్చు మొలిచే ఈ నెలల్లోనే ఆ లోటు వెంట్రుక నాణ్యతలో కనిపిస్తుంది. ఆ వయసుకు తయారైన పూర్తి ఆహారానికి వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. ఇంటి తిండే అయితే ఉడికించిన కోడిమాంసం, గుడ్డు రోజూ ఉండాలి, కాల్షియం ఎంతో డాక్టరును అడగాలి. కూరలోంచి తీసిన ముక్కలు పెట్టవద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. చేపనూనె బరువును బట్టి, ఎక్కువైతే విరేచనాలు.

ఆడకుక్కలవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. ఎదకు వచ్చిన రెండు మూడు నెలలకు, ఈనిన తర్వాతా మళ్లీ ఇలాగే బొచ్చు రాలుతుంది. గర్భసంచి తీయించాక కొన్నింటికి బొచ్చు దూదిలా మారి దువ్వుడు పెరుగుతుంది.

పాపిడి_దువ్వెన

రవ్వలడ్డు గారూ, ఒక నిర్ణయం మీరు ఈ వారమే తీసుకోవాలి. పొడుగు ఉంచాలంటే వచ్చే రెండు మూడు నెలలు రోజూ అరగంట దువ్వాలి, సెలవు లేదు. రెండు రోజులు వదిలితే మూడో రోజు రెండు గంటల పని, అది కుక్కకు బాధ. ఆ తీరిక లేకపోతే ఇప్పుడే ఒళ్లు అంగుళం పొడవుకు తీయించి, తల, చెవులు, తోక బొచ్చు ఉంచండి. మార్పు మొత్తం ఆ పొట్టి బొచ్చులో తేలిగ్గా జరిగిపోతుంది, పెద్దబొచ్చు వచ్చాక మళ్లీ పెంచుకోవచ్చు. పెద్దబొచ్చు బరువుగా, జారుడుగా ఉంటుంది, రోజు విడిచి రోజు దువ్వితే చాలు. కత్తిరిస్తే షిట్జు అందం పోతుందని అనుకోకండి, జడల కింద చర్మం ఊపిరాడక ఎర్రబడటంకన్నా అది మేలు.

మిషన్ లెక్కలు, షాపులో అడగడానికైనా తెలిసి ఉండాలి: 10 నంబరు 1.5 మిల్లీమీటర్లు వదులుతుంది, 4ఎఫ్ 9.5, 3ఎఫ్ 13. అంగుళం కావాలంటే 30 నంబరు బ్లేడు మీద అంగుళం దువ్వెన తొడుగు, కానీ తొడుగు శుభ్రంగా కడిగి దువ్విన బొచ్చులోనే నడుస్తుంది, చిక్కు ఉంటే ఆగిపోతుంది. చంకలు, గజ్జలు, చెవి అంచుల్లో పొడుగు పళ్ల బ్లేడు పెట్టనివ్వకండి, పళ్ల మధ్య చర్మం మడత ఇరుక్కుంటుంది, అక్కడ 10 నంబరే. బ్లేడు వేడెక్కుతుంది, ఐదు నిమిషాలకోసారి మణికట్టు లోపలి వైపు ఆనించి చూడాలి. ఎండాకాలమని చర్మందాకా గుండు వద్దు, రోహిణి కార్తె ఎండకు తెల్లచర్మం కాలుతుంది.

చెవుల బొచ్చు పూర్తిగా అట్ట కట్టి తీయాల్సి వస్తే ఇంట్లో చేయకండి. బిగుసుకున్న చెవికి ఒక్కసారిగా రక్తం పారి కుక్క తల పదేపదే విదిలిస్తుంది, చెవి తమ్మెలో రక్తం గూడుకట్టి ఉబ్బుతుంది. తీశాక కొన్ని గంటలు చెవులను తలకు ఆనించి మెత్తటి గుడ్డతో వదులుగా కట్టి ఉంచాలి.

ఓరుగల్లు_పశువైద్యం

ఒళ్లంతా అట్ట కట్టిన కుక్కకు మత్తు ఇచ్చి తీయడం ఆసుపత్రిలోనే జరగాలి, పొట్టి ముక్కు జాతికి మత్తులో ఊపిరి కనిపెట్టి చూసే మనిషి ఉండాలి. మనుషుల నిద్రమాత్ర సగం వేసి తీసుకురావడం ప్రాణాంతకం.

రవ్వలడ్డు_గుంటూరు

ఇంట్లో మాట్లాడుకున్నాం. ఒళ్లు అంగుళం తీయించి, పిలక మాత్రం ఉంచుతాం. రోజూ అరగంట పెట్టగలిగే మనిషి ఇంట్లో లేరు. పిలక ఎలా కట్టాలి? ఇప్పుడు మామూలు రబ్బరు బ్యాండుతో కడుతున్నాం, తీసేటప్పుడు ఏడుస్తోంది.

విశాఖ_గాలి

మంచి నిర్ణయం. పిలకకు సన్నటి లేటెక్స్ బ్యాండ్లు దొరుకుతాయి, అవే వాడండి. కంటి బయటి మూల నుంచి పైకి ఒక గీత, ఆ గీతకు ముందున్న బొచ్చు మాత్రమే ఒక పాయ. దగ్గర పళ్ల దువ్వెనతో దువ్వి, బ్యాండు మూడు చుట్లు. కట్టాక వెంట్రుకలు కొద్దిగా ముందుకు లాగి వదులు చేయండి. కనుబొమలు పైకి సాగినట్టు కనిపిస్తే, రెప్ప పూర్తిగా మూయలేకపోతే, బిగువు ఎక్కువైనట్టు. అలా రోజంతా ఉంటే కన్ను ఎండుతుంది, పిలక మొదట్లో వెంట్రుకలూ ఊడతాయి. బ్యాండు రోజూ మార్చాలి. లాగి తీయకండి, మొన కురచగా ఉన్న చిన్న కత్తెరతో బ్యాండును మాత్రం కత్తిరించి పడేయండి.

ముక్కు పైన, కళ్ల మధ్య మొలిచే పొట్టి వెంట్రుకలు కత్తిరించవద్దని షాపులో ముందే చెప్పండి. కత్తిరిస్తే గరుకు కొనలతో తిన్నగా కంట్లోకి పెరుగుతాయి. వాటిని తడిచేసి కిందికి దువ్వుతూ మీసంలో కలిసేదాకా పెంచాలి. కంటి మూల పుసి కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో, కంటికో దూది చొప్పున, రోజూ పొద్దున తుడవండి. ఆరాకే దగ్గర పళ్ల దువ్వెన.

పాపిడి_దువ్వెన

షాపుకు వెళ్లేటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వండి: ఒళ్లు అంగుళం తొడుగు, చంకలు, గజ్జలు, పొట్ట, మలద్వారం చుట్టూ 10 నంబరు, అరికాళ్లు సమానంగా, చెవులు, తోక దువ్వడమే, ముక్కు పైన కత్తెర వద్దు. చెవి లోపలి బొచ్చు పీకుతామంటే, చెవికి జబ్బు లేకపోతే వద్దనండి, పీకిన చోట వాచి చీము పట్టొచ్చు. చంకలో ఉండలు ఉన్నాయని ముందే చూపించండి. డ్రయ్యర్ పెట్టేటప్పుడు మనిషి పక్కనే ఉండాలని అడగండి. ఆరు వారాలకు మళ్లీ ఒకసారి, ఈలోగా రెండు రోజులకోసారి స్టీలు దువ్వెన.

రవ్వలడ్డు_గుంటూరు

రాసుకున్నాను. ఆదివారం పొద్దున ఎనిమిదికి తీసుకెళ్తున్నాం. స్టీలు దువ్వెన, లేటెక్స్ బ్యాండ్లు తెప్పించాను. చంక ఉండల్లో ఒకటి కార్న్‌ఫ్లోర్‌తో వచ్చేసింది, వేళ్లతో నాలుగుగా చీలిస్తే ఆరు నిమిషాలు పట్టింది, కిక్కురుమనలేదు. మిగతా మూడూ చర్మానికి అంటి ఉన్నాయి, దువ్వెన పన్ను దూరట్లేదు.

పాపిడి_దువ్వెన

అయితే ఆ మూడూ ముట్టకండి, ఆదివారం మిషన్‌కే వదిలేయండి. అప్పటిదాకా స్నానం వద్దు.